గోల్డ్ ఫిష్ ట్యాంక్‌లో కండిషనింగ్ ఉప్పు: ప్రతి వారం వేయాలా, అవసరం పడినప్పుడేనా?

కొత్తనీరు

అందరికీ నమస్కారం. మా ట్యాంక్ పొడవు 90 సెంటీమీటర్లు, వెడల్పు 45, నీళ్ళు 40 ఎత్తు వరకు ఉంటాయి. రెండు ఒరాండాలు, ఒక ఫ్యాన్‌టెయిల్ ఉన్నాయి (రెండూ గోల్డ్ ఫిష్ రకాలే). హార్న్‌వర్ట్, జావా ఫెర్న్ మొక్కలు కూడా ఉన్నాయి. పాత ఫిల్టర్ ఆగిపోవడంతో ఈమధ్యే కొత్తది పెట్టాం.

అక్వేరియం సాల్ట్ ప్యాకెట్ ఒకటి కొన్నాను. 10 లీటర్లకు ఒక స్పూను, నీళ్ళు మార్చినప్పుడల్లా వేయండి అని దానిమీద ఉంది. చేపల ఒత్తిడి తగ్గుతుందని, మొప్పలకు మంచిదని కూడా రాశారు. ఇంకా వేయలేదు. ఒకరు తప్పకుండా వేయమంటారు, ఇంకొకరు మంచినీటి చేపకు ఉప్పేమిటి అంటారు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్తే దాన్ని బట్టి చేస్తాను.

తామరకొలను

వేయండి. నేను చెరువులో పెంచే గోల్డ్ ఫిష్‌లకి, కోయి చేపలకి ఏళ్ళ తరబడి లీటరుకు 1 గ్రాము లెక్కన ఉప్పు ఉంచుతున్నాను. చేప ఒంట్లో ఉప్పు ఎక్కువ, బయట నీళ్ళలో తక్కువ. అందుకని నీళ్ళు ఎప్పుడూ మొప్పల గుండా లోపలికి వస్తూనే ఉంటాయి. ఆ నీళ్ళను తోడి బయటికి పంపడానికి మూత్రపిండాలు రోజంతా పని చేయాలి. బయట కాస్త ఉప్పు ఉంటే ఆ పని తగ్గుతుంది. చేపల్ని దూరం తీసుకెళ్ళేటప్పుడు సంచుల నీళ్ళలో ఉప్పు కలిపేది కూడా ఇందుకే.

నాచుతోట

హార్న్‌వర్ట్ ఉందన్నారు కదా, ముందు దాని సంగతి ఆలోచించండి. ఉప్పుకి అది తొందరగా దెబ్బతింటుంది. సూదుల్లాంటి ఆకులన్నీ రాలి ఫిల్టర్‌లో ఇరుక్కుంటాయి, అవి కుళ్ళితే అమోనియా పెరుగుతుంది. జావా ఫెర్న్ మాత్రం బాగానే తట్టుకుంటుంది. మొక్కలున్న ట్యాంక్‌లో ఎప్పుడూ ఉప్పు ఉంచడానికి నేను ఒప్పుకోను.

జలగణితం

కొత్తనీరు గారూ, వేయాలా వద్దా అన్నది పక్కన పెట్టి ముందు లెక్క చూద్దాం. 90 × 45 × 40 అంటే 162 లీటర్లు. అడుగున రాళ్ళు, లోపలి వస్తువులు తీసేస్తే నిజంగా ఉండే నీళ్ళు 145 దాకా ఉంటాయి. ట్యాంక్ కొన్నప్పుడు చెప్పిన లీటర్లు పట్టుకుని ఉప్పు వేస్తే ప్రతిసారీ మోతాదు ఎక్కువైపోతుంది.

రెండోది స్పూను. మెత్తటి ఉప్పు సమంగా నింపితే టీస్పూనుకు దాదాపు 6 గ్రాములు. పెద్ద పలుకులైతే మధ్యలో ఖాళీలుంటాయి కాబట్టి ఇంకా తక్కువ. వంటింటి స్పూన్లన్నీ ఒకే సైజులో కూడా ఉండవు. దయచేసి కాటా వాడండి.

మూడోదే అసలు విషయం. నీళ్ళు ఆవిరైపోతాయి గానీ ఉప్పు పోదు. నీళ్ళు మార్చినప్పుడు తీసిన నీళ్ళతో పాటు ఎంత పోతే అంతే. వారానికి 30 శాతం నీళ్ళు మారుస్తూ ప్రతిసారీ ట్యాంక్ మొత్తానికి సరిపడా ఉప్పు వేస్తున్నారనుకోండి. పాతదాంట్లో 70 శాతం అలాగే ఉంటుంది, దానిమీద పూర్తి మోతాదు మళ్ళీ పడుతుంది. ఇలా సాగితే చివరికి మొదటి మోతాదుకి 3 రెట్ల పైన నిలుస్తుంది. లీటరుకు సగం గ్రాము ఉందని మీరు అనుకుంటూ ఉంటారు, అసలు ఉండేది 1.6 దాకా. ప్యాకెట్ల మీద ఈ మాట స్పష్టంగా ఉండదు. వేయదలచుకుంటే కొత్తగా పోసే నీళ్ళకు మాత్రమే కలపాలి. ఆవిరైన నీళ్ళ బదులు పోసేటప్పుడు ఉప్పు లేని నీళ్ళే పోయాలి.

చిన్నచేప

నాదొక సందేహం. అక్వేరియం సాల్ట్, సముద్రపు చేపల ట్యాంక్‌లో వేసే ఉప్పు, ఎప్సమ్ సాల్ట్, మామూలు వంట ఉప్పు... ఇవన్నీ ఒకటేనా? దేని బదులు ఏదైనా వేయొచ్చా?

జలగణితం

కాదండీ. అక్వేరియం సాల్ట్ అంటే సోడియం క్లోరైడ్, అంతే. వంట ఉప్పులో ఉండేదీ అదే, కాకపోతే గడ్డ కట్టకుండా ఏదో ఒక పొడి కలుపుతారు. అయోడిన్ చాలా కొంచెం ఉంటుంది, ఈ మోతాదుల్లో దాని గురించి భయం అక్కర్లేదు. అయినా ఏమీ కలపని కల్లుప్పు దొరికితే అదే మేలు.

సముద్రపు ట్యాంక్ ఉప్పు పూర్తిగా వేరు. అందులో కాల్షియం, మెగ్నీషియం, కార్బొనేట్లు ఉంటాయి కాబట్టి పీహెచ్ కూడా పెరుగుతుంది. ట్యాంక్‌లో అప్పటికే అమోనియా ఉంటే ఇది ప్రమాదం. 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7 ఉన్నప్పుడు మొత్తం అమోనియాలో విషపూరితమైన రూపంలో ఉండేది ఒక శాతం కన్నా తక్కువ. పీహెచ్ 8కి చేరితే అదే 5 శాతం దాటుతుంది. కొలిచే కిట్ మాత్రం రెండుసార్లూ ఒకే అంకె చూపిస్తుంది.

ఎప్సమ్ సాల్ట్ మెగ్నీషియం సల్ఫేట్. మలబద్ధకానికి, కడుపు ఉబ్బరానికి వాడతారు. సోడియం క్లోరైడ్ చేసే పని అది చేయదు, అది చేసేది సోడియం క్లోరైడ్ చేయదు.

మొప్ప

అందరూ ఉప్పు దగ్గరే ఆగిపోయారు. కొత్తనీరు గారూ, నీళ్ళు పరీక్ష చేశారా? అమోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్, కేహెచ్ (పీహెచ్ పడిపోకుండా ఆపే కార్బొనేట్ల గట్టిదనం), జీహెచ్ (కాల్షియం, మెగ్నీషియం వల్ల వచ్చే గట్టిదనం) ఎంతెంత ఉన్నాయో చెప్పండి. కొత్త ఫిల్టర్ అన్నారు కాబట్టే అడుగుతున్నాను. అమోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లోనే ఉంటుంది, పాత ఫిల్టర్ స్పాంజి ఏమైనా కొత్తదాంట్లో పెట్టారా?

కొత్తనీరు

స్పాంజి పెట్టలేదండి, అంతా కొత్తదే. ఇప్పుడే చూశాను: లీటరుకు మిల్లీగ్రాముల్లో అమోనియా 0.25, నైట్రైట్ 0.5, నైట్రేట్ 20; పీహెచ్ 7.4; డిగ్రీల్లో కేహెచ్ 3, జీహెచ్ 5. చేపలు తింటున్నాయి కానీ ఫ్యాన్‌టెయిల్ పొద్దున పూట ఫిల్టర్ నీళ్ళు పడే చోటే పైకి వచ్చి ఉంటోంది.

ఇంకో విషయం. పెద్ద ఒరాండాకి తెల్లచుక్కలు కనిపిస్తున్నాయి. టెన్షన్‌గా ఉంది.

తామరకొలను

తెల్లచుక్కలంటే ఇక్ అనే పరాన్నజీవి జబ్బు అయ్యుంటుంది. అలాగైతే లీటరుకు 1 గ్రాము సరిపోదు, 3 దాకా పెంచాలి. ఆలస్యం చేయకండి.

మొప్ప

తామరకొలను గారూ, ఒక్క క్షణం. కొత్తనీరు గారూ, ఆ చుక్కలు ఎక్కడున్నాయి? ఒళ్ళంతా, తోక మీద, రెక్కల మీద చెల్లాచెదురుగా ఉన్నాయా, లేక మొప్పల మూతల మీద, ముందు రెక్కల మొదటి ముల్లు వెంట వరసగా ఉన్నాయా? చేప రాళ్ళకేసి ఒళ్ళు రుద్దుకుంటోందా?

కొత్తనీరు

ఇప్పుడే టార్చి వేసి చూశాను. మొప్పల మూతల మీద రెండు వైపులా, ముందు రెక్కల అంచు వెంట వరసగా ఉన్నాయి. ఒంటి మీద, తోక మీద లేవు. రుద్దుకోవడం లేదు. మిగతా రెండిటికీ ఏమీ లేదు.

మొప్ప

అది జబ్బు కాదండీ. మీ ఒరాండా మగది, జతకట్టే వయసుకు వచ్చింది. మగ గోల్డ్ ఫిష్‌కి సరిగ్గా ఆ రెండు చోట్ల గట్టిగా, చిన్నగా తెల్లటి పొక్కులు వస్తాయి. జతకట్టే కాలం అయ్యాక వాటంతటవే పోతాయి, కొన్ని చేపలకు ఏడాదంతా ఉంటాయి. వీటిని చూసి ఇక్ అనుకుని ఆరోగ్యంగా ఉన్న చేపకు మందు వేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకే చోటు అడిగాను.

అదే ఇక్ అయితే చుక్కలు ఉప్పు పలుకుల్లా ఒళ్ళంతా కనిపిస్తాయి, ఒక చేపతో ఆగదు, రోజు రోజుకీ సంఖ్య పెరుగుతుంది. అప్పుడు తామరకొలను గారు చెప్పిన లీటరుకు 3 గ్రాములే సరైన దారి. ఒకేసారి మాత్రం కాదు. 12 గంటలకొకసారి 1 గ్రాము చొప్పున మూడు విడతల్లో పెంచాలి. చేప చర్మం కింద ఉన్న పురుగుని ఉప్పు ఏమీ చేయలేదు. అది ఎదిగి రాలి అడుగున పడి, వందల పిల్లలుగా విడిపోయి, ఆ పిల్లలు ఈదుతూ మళ్ళీ చేపను వెతుక్కునే దశలో మాత్రమే దొరుకుతుంది. అందుకే చుక్కలు మాయమయ్యాయని ఆపేస్తే తిరిగి వస్తుంది. 25 డిగ్రీల దగ్గర ఆ చక్రం వారం లోపే తిరుగుతుంది, చల్లటి నీళ్ళలో వారాలు పడుతుంది. నీళ్ళు ఎంత చల్లగా ఉంటే అంత ఎక్కువ కాలం ఉప్పు ఉంచాలి.

మీకిప్పుడు ఇదేమీ అక్కర్లేదు. మీ ఇబ్బంది నైట్రైట్. పొద్దున ఫ్యాన్‌టెయిల్ పైకి రావడం దానివల్లే కావచ్చు.

చిన్నచేప

నైట్రైట్‌కీ ఊపిరికీ ఏమిటి సంబంధం?

మొప్ప

మంచినీటి చేప ఒంట్లోంచి లవణాలు ఎప్పుడూ బయటికి కారిపోతూ ఉంటాయి. వాటిని తిరిగి లాక్కోవడానికి మొప్పల్లో ప్రత్యేకమైన కణాలున్నాయి. అవి నీళ్ళలోంచి క్లోరైడ్‌ను లోపలికి తీసుకుంటాయి. నైట్రైట్ కూడా ఆ దారిలోనే దూరుతుంది. రక్తంలోకి వెళ్ళాక హిమోగ్లోబిన్‌ను మార్చేసి ఆక్సిజన్ మోయలేకుండా చేస్తుంది. నీళ్ళలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా చేపకు అందదు. బాగా ముదిరితే రక్తం, మొప్పలు గోధుమ రంగుకి తిరుగుతాయి.

నీళ్ళలో క్లోరైడ్ ఎక్కువగా ఉంటే ఆ దారంతా క్లోరైడే ఆక్రమించుకుంటుంది, నైట్రైట్ లోపలికి వెళ్ళడం బాగా తగ్గుతుంది. గోల్డ్ ఫిష్ ట్యాంక్‌లో ఉప్పు చేసే పనులన్నిటిలోకీ నాకు బాగా నమ్మకమున్నది ఇదే. ఎందుకు పనిచేస్తుందో స్పష్టంగా తెలుసు, ఎంత వేయాలో లెక్క కట్టొచ్చు.

జలగణితం

ఆ లెక్క నేను చెప్తాను. లీటరుకు 1 గ్రాము ఉప్పు వేస్తే క్లోరైడ్ దాదాపు 600 మిల్లీగ్రాములు వస్తుంది. నైట్రైట్‌కి కనీసం 10 రెట్లు క్లోరైడ్ ఉండాలని మామూలుగా పాటించే నియమం, 20 రెట్లుంటే ఇంకా నిశ్చింత. మీ నైట్రైట్ 0.5 కాబట్టి 10 మిల్లీగ్రాముల క్లోరైడ్ చాలు.

లీటరుకు 0.1 గ్రాము ఉప్పు వేసినా 60 మిల్లీగ్రాములు వస్తుంది, అంటే 100 రెట్లకు పైనే. రేపు నైట్రైట్ 3కి పెరిగినా అది సరిపోతుంది. మీ 145 లీటర్లకు 15 గ్రాములు. అంతే. ప్యాకెట్ మీద లెక్కతో అయితే 14 స్పూన్లు, 80 గ్రాముల పైన పడేది.

ఈ 15 గ్రాములకు హార్న్‌వర్ట్ కూడా చెక్కుచెదరదనే అనుకుంటున్నాను. నాచుతోట గారూ, మీరేమంటారు?

నాచుతోట

అంత తక్కువకి ఏమీ కాదు. నేను వద్దన్నది వారం వారం పేరుకుపోయే ఉప్పుని. ఇక్ లాంటిదేదైనా నిజంగా వచ్చి లీటరుకు 3 గ్రాములకు వెళ్ళాల్సి వస్తే హార్న్‌వర్ట్ తీసి వేరే బకెట్‌లో పెట్టండి.

తామరకొలను

పొక్కుల సంగతి మొప్ప గారు సరిగ్గా పట్టుకున్నారు. చోటు అడక్కుండా మోతాదు చెప్పకూడదు.

కానీ ఎప్పుడూ ఉప్పు ఉంచడం తప్పని మాత్రం నేను ఒప్పుకోను. చేప రక్తంలో ఉప్పు లీటరుకు 9 గ్రాములకు సమానం. మామూలు నీళ్ళలో సగం గ్రాము కూడా ఉండదు. ఇంత తేడాని రాత్రీపగలూ మోయడం చిన్న పనేమీ కాదు.

మొప్ప

దెబ్బ తగిలిన చేపకి, చర్మం లేచిపోయిన చేపకి, ప్రయాణం చేసి వచ్చిన చేపకి ఆ భారం నిజంగానే పెద్దది. వాటికి లీటరుకు 3 గ్రాముల ఉప్పు ఇస్తే తేడా మూడో వంతు తగ్గుతుంది, కోలుకోవడానికి అది చాలా ఉపకారం. అక్కడ మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఆరోగ్యంగా ఉన్న గోల్డ్ ఫిష్ మూత్రపిండాలు, మొప్పలు మాత్రం ఆ పని కోసమే తయారైనవి. లీటరుకు 1 గ్రాముతో తగ్గే భారం కొంచెమే. అందుకు మనం వదులుకునేది ఏమిటో చూడండి.

ట్రైకోడైనా లాంటి పురుగుల్లో కొన్ని తక్కువ మోతాదు ఉప్పుకి అలవాటు పడతాయి. ఏడాదంతా 1 గ్రాము ఉన్న చెరువులో జబ్బు వచ్చినప్పుడు 3 గ్రాములు వేసినా పనిచేయకపోవచ్చు. ఎప్పుడూ దగ్గరుంచుకోవాల్సిన ఒక మంచి ఆయుధాన్ని రోజూ వాడి మొద్దుబరచడం నాకిష్టం లేదు. పైగా ఉప్పు అన్నిటికీ పనిచేయదు. యాంకర్ వార్మ్, చేప పేను ఈ మోతాదులకు లొంగవు. మొప్పలకు అంటుకుని గుడ్లు పెట్టే ఫ్లూక్ పురుగులకు ప్రాజిక్వాంటెల్ అనే మందు కావాలి. ఉప్పు వేస్తున్నాం కదా అన్న ధైర్యంతో వీటిని ఆలస్యంగా గుర్తించేవాళ్ళను చూశాను.

తామరకొలను

అలవాటు పడే మాట ఆలోచించాల్సిందే. అయితే నా చెరువులో నీళ్ళ మార్పు తక్కువ, వానలు పడితే నైట్రైట్ ఒక్కోసారి ఉన్నట్టుండి పెరుగుతుంది. అందుకని క్లోరైడ్ రక్షణ నాకు ఎప్పుడూ ఉండాలి. మీ లెక్క ప్రకారం చూస్తే దానికి 1 గ్రాము అక్కర్లేదు, 0.1 లేదా 0.2 చాలన్నమాట. అక్కడికి తగ్గించి చూస్తాను. పూర్తిగా మాత్రం తీసేయను.

జలగణితం

0.2 అయితే నాకూ అభ్యంతరం లేదు. టీడీఎస్ మీటర్ (నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచేది) ఉంటే సులువుగా గమనించుకోవచ్చు. లీటరుకు 0.1 గ్రాము ఉప్పుకి అంకె దాదాపు 100 పెరుగుతుంది. ఉప్పు వేయకముందు అంకె రాసిపెట్టుకుంటే చాలు. సముద్రపు ట్యాంక్‌కి వాడే తేలే హైడ్రోమీటర్ ఇంత తక్కువ మోతాదుల్లో నమ్మదగ్గది కాదు.

మొప్ప

కొత్తనీరు గారూ, వేసే ముందు ఇంకొకటి. ఫిల్టర్‌లో జియోలైట్ రాళ్ళు ఏమైనా ఉన్నాయా? తెల్లగా, బూడిద రంగు చిప్స్‌లా ఉంటాయి, అమోనియా తీసేస్తుందని అమ్ముతారు.

కొత్తనీరు

ఉన్నాయండి! ఫిల్టర్‌తో పాటే ఒక సంచి వచ్చింది. నల్లటి బొగ్గు సంచి కూడా ఉంది.

మొప్ప

బొగ్గు ఉండనివ్వండి, అది ఉప్పును పట్టుకోదు. జియోలైట్ మాత్రం ఉప్పు వేయకముందే తీసేయండి. అది అమోనియంను పట్టుకుని ఆ చోటునుంచి సోడియంను వదులుతుంది. నీళ్ళలో సోడియం ఎక్కువైతే ఇదే వెనక్కి నడుస్తుంది, అప్పటిదాకా పట్టుకున్న అమోనియా తిరిగి నీళ్ళలోకి వస్తుంది. మొత్తం 15 గ్రాములకు పెద్దగా రాకపోవచ్చు, లీటరుకు 3 గ్రాముల మోతాదుకు వెళ్తే ఒక్క రాత్రిలో ట్యాంక్ మొత్తం ప్రమాదంలో పడుతుంది. జియోలైట్ ఉంటే ఫిల్టర్‌లో బ్యాక్టీరియాకి తిండి కూడా తగ్గుతుంది, ఫిల్టర్ కుదురుకోవడం ఆలస్యమవుతుంది.

ఉప్పును ట్యాంక్ నీళ్ళలోనే ఒక మగ్గులో పూర్తిగా కరిగించి, ఫిల్టర్ నీళ్ళు పడే చోట మెల్లగా పోయండి. పలుకులు అడుగున పడితే రాళ్ళు నోట్లో పెట్టుకునే గోల్డ్ ఫిష్ వాటినీ పెట్టుకుంటుంది, నోరు, మొప్పలు కాలిపోతాయి.

అమోనియాకి ఉప్పు మందు కాదు. క్లోరిన్‌ని కూడా తీయదు, కొళాయి నీళ్ళకు డీక్లోరినేటర్ వేరేగా వేయాలి. రెండు రోజులకొకసారి నీళ్ళు మార్చండి, మేత సగానికి తగ్గించండి. గాలి పంపు ఉంటే రాత్రిపూట తప్పకుండా నడపండి.

నాచుతోట

ఉప్పు గురించి ఇంత మాట్లాడుకున్నాం, కేహెచ్ 3 అన్నది ఎవరూ పట్టించుకోలేదు. నాకు అసలు భయం దానిమీద. గోల్డ్ ఫిష్ గట్టి నీళ్ళ చేప. అమోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కేహెచ్‌ని తింటూ ఉంటుంది. మూడు గోల్డ్ ఫిష్‌లు విడిచే వ్యర్థానికి 3 ఎంతోకాలం ఆగదు. అది అయిపోయిన రోజున పీహెచ్ ఒక్కసారిగా కూలిపోతుంది, బ్యాక్టీరియా కూడా ఆగిపోతుంది. దీనికి సోడియం క్లోరైడ్ ఎన్ని స్పూన్లు వేసినా లాభం లేదు, అది కేహెచ్‌నీ జీహెచ్‌నీ పిసరంత కూడా పెంచదు.

జలగణితం

నూటికి నూరుపాళ్ళు నిజం. ప్రతి వారం ట్యాంక్‌లో ఏదో ఒక లవణం వేయాలని ఉంటే అది ఇదే కావాలి. 100 లీటర్లకు 3 గ్రాముల వంటసోడా ఒక డిగ్రీ కేహెచ్ పెంచుతుంది. జీహెచ్‌కి 100 లీటర్లకు 3 గ్రాముల జిప్సం, అంటే కాల్షియం సల్ఫేట్, ఒక డిగ్రీ పెంచుతుంది. ఎప్సమ్ సాల్ట్ అయితే 4.4 గ్రాములు కావాలి. అడుగున పగడపు ముక్కలు ఒక సంచిలో పెట్టినా మెల్లగా కరిగి రెండూ పెరుగుతాయి.

కానీ ఇప్పుడు కాదు. అమోనియా ఉన్నప్పుడు వంటసోడాతో పీహెచ్ పెంచకూడదు, పైన చెప్పిన 5 శాతం సంగతి గుర్తుంది కదా. ముందు అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి రానివ్వండి. ఈలోగా కేహెచ్ 2 కన్నా తగ్గితే నీళ్ళ మార్పుతోనే పైకి తీసుకురండి, మీ కొళాయి నీళ్ళ కేహెచ్ ఎంతో కూడా కొలిచి చెప్పండి.

కొత్తనీరు

కొళాయి నీళ్ళ కేహెచ్ 5, జీహెచ్ 6. జియోలైట్ తీసేసి, కాటాలో 15 గ్రాములు తూచి వేశాను. టీడీఎస్ 210 నుంచి 310కి వచ్చింది.

జలగణితం

అయితే ట్యాంక్‌లో కేహెచ్ ఖర్చవుతోందన్నమాట. నీళ్ళ మార్పు పెంచితే చాలా వరకు అదే సర్దుకుంటుంది. నీళ్ళు మార్చినప్పుడు కొత్త నీళ్ళ ప్రతి 10 లీటర్లకు 1 గ్రాము ఉప్పు కలుపుతూ ఉండండి, నైట్రైట్ సున్నా అయ్యేదాకా.

కొత్తనీరు

అందరికీ చాలా థ్యాంక్స్. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాయి, వరసగా కొలిచినా అలాగే ఉన్నాయి. ఫ్యాన్‌టెయిల్ పైకి రావడం మానేసింది. కేహెచ్ 4 దగ్గర నిలబడింది. ఒరాండా పొక్కులు అలాగే ఉన్నాయి, ఇప్పుడు వాటిని చూస్తే భయం లేదు. లోపల ఉన్న ఉప్పును ఎలా తీయాలి? మిగిలిన ప్యాకెట్ ఎంతకాలం ఉంటుంది?

జలగణితం

ప్రత్యేకంగా తీయక్కర్లేదు. ఇకనుంచి ఉప్పు కలపకుండా మామూలుగా నీళ్ళు మార్చండి. 30 శాతం చొప్పున మూడుసార్లు మారిస్తే మూడో వంతు మిగులుతుంది, ఆ తర్వాత లెక్కపెట్టాల్సిన పని లేదు. ఉప్పు పాడవదు, తడి తగలకుండా మూత బిగించి ఉంచండి.

మొప్ప

ఆ డబ్బా మీద మీ ట్యాంక్ నీళ్ళు 145 లీటర్లని, లీటరుకు 1 గ్రామంటే 145 గ్రాములని రాసి అంటించండి. ఒంటినిండా నిజంగానే చుక్కలు కనిపించిన రోజున ఆ కంగారులో లెక్క కట్టడం కష్టం.